పారాయణం చాలు, పరిశీలన కావాలి

సాహిత్య సిద్ధాంతాల ప్రస్తావన వచ్చినప్పుడల్లా మనకు రెండు మాటలు వినిపిస్తాయి. ఒకటి పండితులు అనేది: "మీ కవిత్వంలో ఆవేశం ఉంది, రసం లేదు." రెండోది మనవాళ్లే అనేది: "రసం, ధ్వని, అలంకారం అన్నీ తీరికున్నవాళ్ల కాలక్షేపం. మన పోరాటానికి వాటితో పనేమిటి?" పైకి ఈ రెండూ ఎదురెదురు మాటల్లా కనిపిస్తాయి. కానీ మొదటివాళ్లు తక్కెడను తమ చేతిలోనే ఉంచుకుంటారు, రెండోవాళ్లు దాన్ని అక్కడే ఉండనిస్తారు. మేము ఈ రెండింటినీ ఒప్పుకోం. సిద్ధాంతం చదవాలి, దాన్ని ప్రశ్నించాలి, ఆ ప్రశ్నను మన గ్రంథాల మీదికి కూడా తేవాలి.

ముందు ఆ తక్కెడను చూద్దాం. భరతుడు నాట్యశాస్త్రంలో ఎనిమిది రసాలు చెప్పాడు. వాటిని అనుభవించగలవాడు సహృదయుడు. కావ్యాలను పదేపదే చదివి మనసనే అద్దాన్ని తుడుచుకున్నవాడే సహృదయుడని అభినవగుప్తుడు వివరించాడు. మంచి మాటే. అయితే తరతరాలుగా అక్షరం ముట్టనివ్వని వాడి అద్దం సంగతేమిటి? ఆ ప్రశ్న శాస్త్రంలో లేదు. అర్హతను చదువుతో ముడిపెట్టి, చదువును కులంతో ముడిపెట్టిన సమాజంలో 'రసం లేదు' అన్న తీర్పు కవిత్వం గురించి చెప్పేది కొంతే. తీర్పరి ఎక్కడ కూర్చున్నాడో ఎక్కువ చెబుతుంది.

అలాగని ఆ శాస్త్రమంతా పరాయిదని వదిలేస్తే నష్టపోయేది మనమే. కాళిదాసు కంటే ముందే సంస్కృతంలో మహాకావ్యాలు రాసినవాడు బౌద్ధ భిక్షువు అశ్వఘోషుడు. సౌందరనందం చివర ఆయన తన రచన వినోదం కోసం కాదు, శాంతి కోసమని స్పష్టంగా చెప్పాడు. చేదు మందుకు తేనె కలిపినట్టు ధర్మానికి కావ్యరూపం ఇచ్చానన్నాడు. కావ్య ప్రయోజనం గురించి అది ఒక సిద్ధాంతం. తర్వాతి కాలంలో శాంతాన్ని తొమ్మిదో రసంగా ఒప్పుకోవాలా వద్దా అని ఆలంకారికులు వాదించుకున్నప్పుడు, ఆ వాదం నడిచిన నాటకాల్లో నాగానందం ముఖ్యమైనది. పరుల ప్రాణం కోసం తన దేహాన్ని ఇచ్చిన జీమూతవాహనుడి కథ అది. నాందిలోనే బుద్ధుడికి నమస్కరించే నాటకం. దానిలో ఉన్నది శాంతమా, దయావీరమా అని పండితులు తలలు పట్టుకున్నారు. కరుణతో చేసిన త్యాగం వాళ్ల గళ్లలో ఇమడలేదు. ఈ చరిత్ర తెలిసిన విద్యార్థి 'రసం లేదు' అన్న మాటకు తలవంచడు.

ఇక పడమటి నుంచి వచ్చిన సిద్ధాంతాలు. రచయిత మరణించాడని, అర్థం పాఠకుడిదని 1967లో రోలాఁ బార్త్ ప్రకటించాడు. తెలుగునేల మీద 1985లో కారంచేడు, 1991లో చుండూరు. ఆ నెత్తుటి తడిలోంచి దళిత కవిత్వం వెల్లువెత్తింది, 1995లో 'చిక్కనవుతున్న పాట' సంకలనం వచ్చింది. వేల ఏళ్ల తర్వాత పుస్తకం అట్ట మీద తన పేరు చూసుకున్న రచయితను వెంటనే చనిపొమ్మంటే ఎవరికి లాభం? బార్త్ మాటలో సగం మనకు పనికిరాదు. మిగతా సగం పనికొస్తుంది. గ్రంథకర్త అధికారానికి పాఠకుడు లొంగనక్కరలేదన్న మాట, వేదప్రామాణ్యాన్ని కాదన్నవాళ్లకు కొత్తదేమీ కాదు. మరాఠీలో శరణ్‌కుమార్ లింబాలే ఈ పనే చేశాడు. ఆనందం కొలమానమన్న సంప్రదాయాన్ని కాదని, స్వేచ్ఛ, సమత, న్యాయం, సోదరత్వం అడిగే సౌందర్యశాస్త్రం కావాలన్నాడు.

ప్రశ్న మారితే గ్రంథం ఎలా తెరుచుకుంటుందో జాషువా 'గబ్బిలం' చూపిస్తుంది. మేఘసందేశం దారిలో నడిచిన సందేశకావ్యమని పాఠ్యపుస్తకం చెప్పి ఊరుకుంటుంది. మేఘం ఉండగా గబ్బిలమే ఎందుకని అడగండి. అపశకునమని జనం తరిమే ఆ ప్రాణికి గుడిలోకి దారి ఉంది, సందేశం పంపే అరుంధతీ సుతుడికి లేదు. దూతను ఎన్నుకోవడంలోనే అభియోగపత్రం ఉంది. సాహిత్య సిద్ధాంతం చేయాల్సిన పని ఇదే.

అసలు మాట ఇప్పుడు చెప్పాలి. ఈ ప్రశ్నలు ఇతరుల గ్రంథాలకేనా, మనవాటికి కూడానా?

బాబాసాహెబ్ సమాధానం 'బుద్ధుడు - ఆయన ధమ్మం' ముందుమాటలోనే ఉంది. ముసలివాణ్ణి, రోగిని, శవాన్ని చూసి సిద్ధార్థుడు ఇల్లు విడిచాడన్న కథను ఆయన నమ్మలేదు. ఇరవై తొమ్మిదేళ్లు వచ్చేదాకా అంత మామూలు దృశ్యాలు కంటపడలేదంటే ఎలా నమ్మడమని అడిగాడు. ఆ స్థానంలో రోహిణీ నది నీళ్ల కోసం శాక్యులకు, కోలియులకు వచ్చిన తగాదాను నిలిపాడు. నాలుగు ఆర్యసత్యాలు బుద్ధుడి మూల బోధలో భాగమేనా అని కూడా అడిగాడు. పాళీ సుత్తాలు చూసినా ఆ అనుమానానికి ఆధారం దొరుకుతుంది. అరియపరియేసన సుత్తంలో బుద్ధుడు తన గృహత్యాగాన్ని తానే చెబుతాడు. అక్కడ రథమూ లేదు, ఆ దృశ్యాలూ లేవు. మహాపదాన సుత్తంలో ఆ దృశ్యాలు విపస్సి బుద్ధుడి కథలో కనిపిస్తాయి. ఇది పాఠ విమర్శ. ఇందులో ధమ్మద్రోహం లేదు. 'బుద్ధుడి నోటి నుంచే విన్నాను' అని ఎవరైనా చెబితే వెంటనే ఒప్పుకోవద్దు, తోసిపుచ్చవద్దు, సుత్తంతో వినయంతో పోల్చి చూడండి అని మహాపరినిబ్బాన సుత్తమే చెప్పింది.

మరి మన విహారాల్లో ఏం జరుగుతోంది? ఇంత అనుమానంతో రాసిన పుస్తకానికి పూలదండ వేసి, అధ్యాయం తర్వాత అధ్యాయం పారాయణం చేస్తున్నాం. ఒక యువకుడు లేచి ప్రశ్న వేస్తే 'బాబాసాహెబ్‌నే కాదంటావా' అని కూర్చోబెడుతున్నాం. గద్దించి కూర్చోబెట్టే పద్ధతి ఎవరిదో మనకు బాగా తెలుసు. మనల్ని శతాబ్దాల పాటు కూర్చోబెట్టింది ఆ పద్ధతే.

కాబట్టి మా విన్నపం ఇది. ఆదివారం వందన తర్వాత ఒక గంట చదువుకు కేటాయించండి. ఒక థేరీగాథో, ఒక జాషువా పద్యమో, మన ఊరి కవి కొత్త కవితో తీసుకోండి. మాట్లాడుతున్నది ఎవరు, మాట లేనిది ఎవరికి? ఈ రూపంలోనే ఎందుకు చెప్పారు? ఇది హేతువుకు నిలుస్తుందా, ఎవరికి మేలు? ఈ మూడు అడగండి. మన కవిత బలహీనంగా ఉంటే బలహీనమనే చెప్పండి. నీలి జెండా పట్టుకున్నంత మాత్రాన ప్రతి పంక్తీ కవిత్వమైపోదు. ఆ మాట మనం చెప్పకపోతే, తక్కెడ పట్టుకున్నవాళ్లు ఇంకా కటువుగా చెబుతారు.

నీళ్లలో మునిగితే పాపం పోయేట్టయితే కప్పలూ తాబేళ్లూ స్వర్గానికి పోవాలి కదా అని, నీళ్లు మోసే దాసి పుణ్ణిక చలిలో వణుకుతున్న బ్రాహ్మణుణ్ణి అడిగింది. ఆమెకు ఏ శాస్త్రమూ ఎవరూ నేర్పలేదు. నేర్చుకునే అవకాశం మనకుంది. దాన్ని దండలకూ పారాయణాలకూ వదిలేస్తే పుణ్ణికకు మనం వారసులం కాము.