గోతికాడ నక్కలు కావద్దు



ఈమధ్య ఒక ఇంటికి ప్రార్థనకు పిలిచారు. ఏ ఊరని అడగకండి. ఇరవై ఎకరాల పెద్దాయన మంచం పట్టాడు. బ్రతికినన్నాళ్లూ కఠినుడే. కూలి ఎగ్గొట్టాడు, సొంత చెల్లెల్ని గడప తొక్కనివ్వలేదు. నేను లోపల ప్రార్థిస్తుంటే వసారాలో లెక్కలు వినబడుతున్నాయి: బోరున్న పొలం ఎవరికి, రోడ్డు పక్క స్థలం ఎవరికి అని. బయటికి రాగానే ఒకరు నన్ను పక్కకు పిలిచారు. "అయ్యగారూ, మీ మాటైతే వింటాడు. వీలునామా మీద వేలిముద్ర వేయించి, సాక్షి సంతకం మీరే పెట్టండి. మందిరానికి స్లాబు మేం వేయిస్తాం."

మన మందిరం రేకులు వానకు కారడం మీకు తెలుసు. అబద్ధమెందుకు, ఒక్క క్షణం ఆ స్లాబు నా కళ్లముందు కనబడింది. కుదరదని చెప్పి వచ్చేశాను.

"అంత దుర్మార్గుడి ఆస్తి తీసుకుంటే తప్పేంటి?" అన్నారు. ఈ మాట మన విశ్వాసుల నోట కూడా విన్నాను. ఇది సాతాను నేర్పిన మాట. 1 సమూయేలు 25వ అధ్యాయం తీయండి. నాబాలుకు 3000 గొర్రెలు, 1000 మేకలు. దావీదు మనుష్యులు అతని మందలను కాపాడారు. ఆహారం అడిగితే అవమానించి పంపాడు. దావీదు 400 మందితో కత్తి కట్టుకొని బయలుదేరాడు. నష్టపోయినవాడు దావీదే. అయినా దేవుడు అబీగయీలును పంపి దారిలోనే ఆపాడు. ఎందుకు? నాబాలు దుర్మార్గం దావీదు కత్తిని పరిశుద్ధపరచదు. దాదాపు పది దినాలకు తీర్పు దేవుడే తీర్చాడు.

లూకా 12:13 చూడండి. పిత్రార్జితంలో వాటా ఇప్పించమని ఒకడు వస్తే, ప్రభువు పంపకాలకు కూర్చోలేదు. లోభం గురించి హెచ్చరించి, వెర్రి ధనవంతుని ఉపమానం ఆ వాటా అడిగినవాడి ఎదుటే చెప్పాడు. కూడబెట్టినవాడికీ, వాడి చావు కోసం కాచుకున్నవాడికీ రోగం ఒక్కటే.

మోసంతో, బలవంతంతో, తట్టుకోలేని ఒత్తిడితో రాయించిన వీలునామా చెల్లదని 1925 నాటి భారత వారసత్వ చట్టమే చెబుతోంది. లోక న్యాయం ఒప్పుకోనిదానికి దేవుని ఆశీర్వాదం ఎలా అడుగుతావు?

నీకు న్యాయంగా రావలసింది ఉందా? వెలుగులో అడుగు. పెద్దలముందు అడుగు, అవసరమైతే కోర్టుకు వెళ్లు. అది పాపం కాదు. వణికే వేలు పట్టుకొని సిరా అద్దడం పాపం. "ప్రభువా, త్వరగా తీసుకుపో" అని పొలం మీద కన్నుంచి చేసే ప్రార్థన పాపం.

ఆ రోజు పెద్దాయన పక్కగుడ్డ తడిసి ఉంది. వసారాలో అంతమంది ఉన్నా లోపలికి వచ్చి దాన్ని మార్చింది ఒక్కరే. ఆయన గడప తొక్కనివ్వని ఆ చెల్లెలు. ఆమె పంపకాల మాటే ఎత్తలేదు.

మనం వసారాలో ఉన్నామా, మంచం దగ్గర ఉన్నామా? ప్రభువు మన హృదయాలను పరీక్షించును గాక. ఆమేన్.