లారీ క్యాబిన్‌లో గర్మీ: ఖర్చు ఎవరి ఖాతాలో?

చలి దేశాల్లో పాత ఫోక్స్‌వ్యాగన్ వ్యాన్లు నడిపే షౌకీన్లకు ఒక పాత తక్లీఫ్ ఉంది. ఆ వ్యాన్‌లో ఇంజిన్ వెనకాల ఉంటుంది. దాన్ని చల్లబరిచేది గాలి, నీళ్ళు కాదు. నీళ్ళే లేనప్పుడు మన కార్లలోలాగా వేడినీళ్ళతో నడిచే హీటర్ ఎక్కడిది? అందుకని పొగగొట్టాల చుట్టూ రేకు డబ్బాలు తొడిగి, వాటిలోంచి గాలి పంపి, ఆ వేడిగాలిని బండి కింద పొడవాటి గొట్టంలో ముందుకు తోస్తారు. డ్రైవర్ పాదాల దగ్గరికొచ్చేసరికి అందులో సగం వేడి దారిలోనే ఖతం. రేకు తుప్పు పడితే ఇంకా ఖతర్నాక్, ఇంజిన్ పొగ కూడా గాలితో కలిసి లోపలికొస్తుంది. అందుకే వాళ్ళు గొట్టాలకు గుడ్డలు చుడతారు, అతుకులు మూస్తారు, పెట్రోల్‌తో విడిగా మండే హీటర్లు పెట్టించుకుంటారు. ఆ వ్యాన్ 1950లో పుట్టింది. దాన్ని గీసిన ఇంజనీర్లకు సీట్లు, సామాను, తలుపులు అన్నీ ముందే యాదికొచ్చాయి, డ్రైవర్ కాళ్ళు మాత్రం ఆఖర్న.

తడలో కూర్చుని హీటర్ల సంగతి ఎందుకు భాయ్ అంటారా? మన దగ్గర కిస్సా ఉల్టా, అంతే. అక్కడ వేడి డ్రైవర్ దాకా రాదు, ఇక్కడ డ్రైవర్‌ను వదలదు.

మన పాత లారీలో ఇంజిన్ డ్రైవర్ మోకాలి పక్కనే ఉంటుంది. క్యాబిన్ మధ్యలో ఎద్దు మూపురంలా లేచిన బానెట్, దాని మీద మడిచేసిన బొంత, బొంత మీద క్లీనర్ పిల్లోడు. రేడియేటర్‌లోంచి ఫ్యాన్ లాగిన వేడిగాలి ఇంజిన్ మీదుగా వెనక్కొచ్చి క్యాబిన్ అడుగున చేరుతుంది. గేర్ రాడ్ చుట్టూ ఉన్న రబ్బరు చినిగినా, బానెట్ అంచు బీడింగ్ ఊడినా అది నేరుగా లోపలికే. పైన ఒంటి రేకు టాపు. ఎదురుగా ఇంత వెడల్పు అద్దం. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, లారీ క్యాబిన్‌లో రోలు పెట్టి ఎవరూ చూడలేదు.

పైగా తడ గర్మీ కడప గర్మీ లాంటిది కాదు. (జిల్లాలు మార్చాక 2022 నుంచి తడ తిరుపతి జిల్లాలో ఉంది గానీ, నా నోటికి ఇప్పటికీ నెల్లూరు తడే.) తూర్పున పులికాట్ సరస్సు, దాని వెనక సముద్రం. గాలి నిండా తేమ. కడపలో పట్టిన చెమట ఆరుతుంది, ఆరుతూ ఒంటిని చల్లబరుస్తుంది. ఇక్కడ చెమట కారడమే గానీ ఆరడం లేదు. మజ్దూర్ చెమట ఆరకముందే కూలి చేతిలో పెట్టమని బుజుర్గులు చెబుతారు. తడ రోడ్డు మీద ఆ లెక్క తీస్తే మాలిక్‌లకు సాయంత్రం దాకా గడువు దొరికినట్టే.

సర్కారు ఏమీ చేయలేదని అనను. మూడున్నర టన్నులు దాటిన సరుకు బండ్లు 2025 అక్టోబర్ 1 తర్వాత తయారైతే వాటి క్యాబిన్‌లో ఏసీ తప్పనిసరి అని కేంద్రం 2023 డిసెంబర్‌లో నోటిఫికేషన్ ఇచ్చింది. మంచి హుకుం. దేర్ ఆయే దురుస్త్ ఆయే అనుకుందాం. కానీ 'తయారైతే' అన్న మాట దగ్గర ఒక్క నిమిషం ఆగండి. ఈరోజు నేషనల్ హైవే 16 మీద సూళ్ళూరుపేట నుంచి ఆరంబాక్కం వైపు పోతున్న లారీల వరసలో ఆ తారీఖు తర్వాత పుట్టినవి ఎన్ని? లారీ అంటే రెండేళ్ళకు మార్చే ఫోన్ కాదు. చేతులు మారుతూ పదిహేనేళ్ళు, ఆపైన కూడా తిరుగుతుంది. ఆ పాత బండ్ల డ్రైవర్లకు ఈ హుకుంలో ఒక్క లఫ్జ్ కూడా లేదు.

ఏసీ పెడితే డ్రైవర్లు హాయిగా నిద్రపోతారని ఒక దలీల్ ఉంది. ఈ మాట అనేవాళ్ళలో చాలామంది ఏసీ కారులోనే తిరుపతి పోయొస్తారు, వాళ్ళు మాత్రం దారిలో నిద్రపోరు! మనిషిని స్టీరింగ్ మీద పడేసేది చల్లదనం కాదు, నిద్ర లేని రాత్రి, నీళ్ళు తగ్గిపోయిన ఒళ్ళు. మోటారు రవాణా కార్మికుల చట్టం 1961లోనే రోజుకు ఎనిమిది గంటలు, వారానికి నలభై ఎనిమిది అని రాసింది. దూరపు రూట్లకు కొంచెం ఢీల్ ఇచ్చి పది గంటలంది. ఆ హద్దులో బండి నడిపిన డ్రైవర్ మీకు కనబడితే నాక్కూడా చూపించండి, ముసాఫా చేసి వస్తాను.

అసలు పేచీ ఇంకోచోట ఉంది. లారీలో ఏసీ ఇంజిన్ బలంతోనే తిరుగుతుంది, అంటే డీజిల్ తాగుతుంది. మన దగ్గర చాలామంది డ్రైవర్లకు డీజిల్ హిసాబ్ మైలేజీ మీద నడుస్తుంది. ఇన్ని లీటర్లకు ఇన్ని కిలోమీటర్లు రావాలి, తగ్గితే బత్తాలో కోత. అప్పుడు డ్రైవర్ చెయ్యి ఏసీ బటన్ మీదికి ఎట్లా పోతుంది? నెల్లూరు మద్రాసు మధ్య జిందగీ అంతా తిరిగిన మా మామూను ఏసీ బండి గురించి అడిగితే, "ఏసీ సేట్‌ది, డీజిల్ మేరే జేబ్ కా" అన్నాడు. ఈ హిసాబ్ మారనంత వరకూ కొత్త లారీలో ఏసీ అద్దాల అల్మారాలో పెట్టిన పింగాణీ కప్పులాంటిది. ఇంట్లో ఉంటుంది, అందులో చాయ్ తాగం. ఏసీకి పోయే డీజిల్‌ను మైలేజీ లెక్కలోంచి తీసి విడిగా రాయాలి, కిరాయిలో కలపాలి. ఒక్క లారీ అప్పుచేసి కొని తానే నడుపుకునే చిన్న మాలిక్ కూడా ఆ ఖర్చు మొయ్యలేడు, అతన్ని తిట్టి లాభం లేదు. సరుకు పంపే కంపెనీ మొయ్యాలి.

కంపెనీ అనగానే తడ పక్కనే ఉన్న శ్రీసిటీ గుర్తొస్తుంది. డైకిన్, బ్లూస్టార్ వంటి కంపెనీలు అక్కడ ఏసీలు తయారు చేస్తున్నాయి. దేశం నలుమూలలా పడకగదులు చల్లబడేది ఇట్లాంటి ఫ్యాక్టరీల మాల్‌తోనే. ఆ డబ్బాలు ఏ పాత లారీకి ఎక్కినా, డ్రైవర్ వెనక వందల ఏసీలు, ముందు ఒక తడి తువ్వాలు. ఇది ఏ ఒక్క కంపెనీ కసూర్ అనడం లేదు. కిరాయి కాగితంలో డ్రైవర్ ఒంటికి ఒక లైను ఎవరూ పెట్టలేదు, అంతే.

మరి పాత బండ్ల సంగతి? ఇక్కడ ఆ ఫోక్స్‌వ్యాగన్ షౌకీన్ల దగ్గర నేర్చుకునేది ఉంది. వాళ్ళు కొత్త వ్యాన్ కోసం కూర్చోలేదు, వేడి ఎక్కడ కారిపోతోందో వెతికి మూశారు. మనం వేడి ఎక్కడ దూరుతోందో వెతికి మూయాలి. చినిగిన గేర్ రబ్బరు మార్చడం, బానెట్ చుట్టూ కొత్త బీడింగ్, బానెట్ లోపలివైపు గ్లాస్‌వూల్ మీద అల్యూమినియం రేకు, క్యాబిన్ కింద పోయే పొగగొట్టానికి అడ్డుగా ఇంకో రేకు. టాపుకు బయట తెల్ల రంగు, లోపల కొంచెం జాగా వదిలి ప్లైవుడ్ సీలింగ్. థర్మోకోల్ టాపు లోపల పెట్టుకోవచ్చు గానీ ఇంజిన్ దగ్గరికి రానివ్వకండి, కరుగుతుంది, అంటుకుంటుంది కూడా. పొగ లీకు ఉంటే ముందు అదే చూడాలి, బీడింగ్ సంగతి తర్వాత. ఇవేవీ జర్మనీ నుంచి రానక్కర్లేదు. విజయవాడ ఆటోనగర్‌లో ఏ బాడీ మిస్త్రీకైనా ఎడమచేతి పని. ఏసీ పెట్టిన బండికీ ఇదే ముందు కావాలి, లేకపోతే సందులున్న క్యాబిన్‌లో చల్లగాలి జల్లెడలో పోసిన నీళ్ళే.

దీన్ని మాలిక్‌ల మెహర్బానీకి వదలొద్దు. సరుకు లారీకి ఎనిమిదేళ్ళు దాటితే ఏటా ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. బ్రేకు చూస్తారు, లైటు చూస్తారు, పొగ చూస్తారు. బానెట్ బీడింగ్, గేర్ రబ్బరు, టాపు లైనింగ్ కూడా చూడమనండి. బండిని రోడ్డు మీద నిలబెట్టేది బ్రేకైతే, ఆ బ్రేకు తొక్కే కాలు కూడా బండి సామానే కదా.

ఇంకొక మాట. ఇంజిన్ ఆపితే ఏసీ ఆగుతుంది. ఆపకుండా లైనులో నిలబెడితే కంప్రెసర్ మెల్లగా తిరిగి చల్లదనం తగ్గుతుంది, డీజిల్ మాత్రం పోతూనే ఉంటుంది. 2017 జూలైలో జీఎస్టీ వచ్చి తడ దగ్గర సేల్స్ టాక్స్ చెక్‌పోస్టు వరసలు పోయాయి, షుకర్. కానీ లోడు కోసం ఫ్యాక్టరీ గేట్ల బయట కాపు కాయడం పోలేదు. డ్రైవర్ పగటి నిద్ర అక్కడే, ఎండలో నిలబెట్టిన క్యాబిన్‌లోనే పడుతుంది. గేటు లోపల మేనేజర్ల కార్లకు రేకుల షెడ్డు ఉంటుంది. గేటు బయట లారీవాళ్ళకు ఒక షెడ్డు, రెండు ఫ్యాన్లు, ఒక నీళ్ళ కుళాయి, ఒక బైతుల్‌ఖలా. ఏసీ హుకుం పాత బండ్ల దాకా వచ్చేలోపు కనీసం ఇవి కట్టడానికి ఏ నోటిఫికేషన్ కావాలి?