మన ఫోనుకు యజమాని ఎవరు?



పోయినేడు వార్షికోత్సవానికి వచ్చినప్పుడు, సభ అయిపోయి భోజనాలకు ఇంకా టైముందని మేం నలుగురం పాత విద్యార్థులం మా పాత గది చూద్దామని మేడపైకి వెళ్లాం. మా రోజుల్లో ట్రంకు పెట్టెలు వరసగా ఉండే గోడకు ఇప్పుడు ప్లగ్గు బోర్డు ఉంది. దానికి ఆరు చార్జర్లు వేలాడుతున్నాయి. డిగ్రీ మొదటి సంవత్సరం తమ్ముడొకడు ఫోను పట్టుకుని చిరాకు పడుతున్నాడు. ఏమైందిరా అంటే, "అన్నా, క్లాసు వీడియో చూద్దామంటే మధ్యాహ్నానికే నెట్టు అయిపోతోంది. నేనేం చూడలేదు. అదే తినేస్తోంది" అన్నాడు.

ఆ ఫోను వాళ్లమ్మ ఒక సీజనంతా మిరపకాయలు ఏరిన కూలీ డబ్బుతో కొన్నది. మేం సెట్టింగుల్లోకి వెళ్లి ఏ యాప్ ఎంత డేటా వాడిందో చూశాం. పైన ఉన్న మూడూ వాడు ఎన్నడూ తెరవనివే. ఒకటి ఫోను కంపెనీ సొంత యాప్ స్టోరు. ఇంకొకటి తాళం తెరమీద రోజుకో బొమ్మ మార్చే యాప్. మూడోది సినిమా కబుర్లు, వీడియోలు తెచ్చి పోసేది. నొక్కి పట్టుకుని తీసేద్దామంటే 'అన్‌ఇన్‌స్టాల్' అన్న మాటే లేదు. 'డిజేబుల్' బటను ఉంది గాని బూడిద రంగులో ఉంది, నొక్కితే కదలదు. వాడు తెచ్చుకోని యాప్‌లు ఎన్నున్నాయో లెక్కపెడితే ఇరవై మూడు తేలాయి.

అప్పుడు మాకు ట్రంకు పెట్టె గుర్తొచ్చింది. హాస్టల్లో చేరిన రోజు నాన్న కొనిచ్చిన ఆ పెట్టె ఒక్కటే మనది. మంచం, కంచం, గది అన్నీ ప్రభుత్వానివే. తాళంచెవి మాత్రం మన మొలతాడుకు ఉండేది. ఆ పెట్టె అమ్మిన షాపువాడే సగం పెట్టెలో తన సామాను పెట్టి, "ఇది తియ్యకూడదు, పైగా రోజూ నీ పుస్తకాలు పక్కకు జరిపి నా సరుకు నీకు చూపిస్తుంటాను" అంటే ఊరుకునేవాళ్లమా? ఫోను విషయంలో మాత్రం ఊరుకుంటున్నాం. ఎందుకంటే అది తీయవచ్చని మనకు ఎవరూ చెప్పలేదు.

తీయవచ్చు. ఆ సంగతి చెప్పడానికే ఈ వ్యాసం.

నాలుగు వరుసల పని

ఆండ్రాయిడ్ ఫోన్లకు గూగుల్ కంపెనీయే ఉచితంగా ఇచ్చే ఒక పనిముట్టు ఉంది. దాని పేరు ఆండ్రాయిడ్ డీబగ్ బ్రిడ్జ్, పొట్టిగా ఏడీబీ. యాప్‌లు తయారుచేసేవాళ్ల కోసం పుట్టింది గాని, 'ప్లాట్‌ఫామ్ టూల్స్' అనే చిన్న ఫైలు దించుకుంటే ఎవరైనా వాడుకోవచ్చు. కావలసినవి ఒక కంప్యూటరు, ఒక డేటా కేబులు. ఫోనును 'రూట్' చేయనక్కర్లేదు.

ముందు ఫోను సెట్టింగుల్లో 'అబౌట్ ఫోన్' తెరిచి 'బిల్డ్ నంబర్' మీద ఏడుసార్లు తట్టాలి. (కొన్ని ఫోన్లలో ఆ చోట కంపెనీ సొంత సాఫ్ట్‌వేర్ పేరు ఉంటుంది.) 'డెవలపర్ ఆప్షన్స్' అనే కొత్త పేజీ వస్తుంది. అందులో 'యూఎస్‌బీ డీబగ్గింగ్' ఆన్ చేసి కేబులు కలపాలి. ఈ కంప్యూటరును అనుమతించనా అని ఫోను అడుగుతుంది. ఆ ప్రశ్న గమనించండి. మన ఫోను మనల్ని అనుమతి అడగడం బహుశా అదే మొదటిసారి!

ఇక్కడ తెలుగులో రాస్తున్నాం గాని కంప్యూటరులో ఇంగ్లీషు అక్షరాలే కొట్టాలి. మొదట 'ఏడీబీ డివైసెస్' కొడితే ఫోను కలిసిందో లేదో తెలుస్తుంది. 'ఏడీబీ షెల్ పీఎం లిస్ట్ ప్యాకేజెస్' కొడితే ఫోనులో ఉన్న ప్రతి యాప్ అసలు పేరూ బయటికొస్తుంది. తెరమీద కనపడనివి కూడా అందులో ఉంటాయి. వద్దనుకున్నదాన్ని ఆపడానికి 'ఏడీబీ షెల్ పీఎం డిజేబుల్-యూజర్ --యూజర్ 0' కొట్టి, పక్కన ఆ అసలు పేరు రాయాలి. మళ్లీ కావాలంటే 'ఏడీబీ షెల్ పీఎం ఎనేబుల్' కొట్టి అదే పేరు రాస్తే చాలు. అంతే పని.

ఆ రోజు ఆఫీసు గదిలోని కంప్యూటరు వార్డెన్ సారు అనుమతితో తీసుకుని, తమ్ముడి ఫోనులో పదకొండు యాప్‌లు ఆపాం. వారం తర్వాత ఫోను చేశాడు. "అన్నా, రాత్రి స్టడీ అవర్ దాకా నెట్టు మిగులుతోంది" అన్నాడు. మాకు సన్మానం జరిగినట్టనిపించింది.

తొందర పడవద్దు

ఇందులో గొప్పలు చెప్పకూడదు. ఆపిన యాప్ ఫోనులోంచి పూర్తిగా పోదు, నిద్రపోతుందంతే. దాని డేటా, అప్‌డేట్లు తుడిచేస్తే కొంత చోటు వస్తుంది గాని, కంపెనీ మొదట పెట్టిన అసలు భాగం దాని స్థలంలోనే ఉంటుంది. ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే అన్నీ మళ్లీ లేచి కూర్చుంటాయి. కొన్ని ఫోన్లు కొన్ని యాప్‌లను ఈ ఆదేశంతో కూడా ఆపనివ్వవు.

జాగ్రత్తలూ ఉన్నాయి. పేరు తెలియని యాప్ జోలికి పోవద్దు. సిస్టమ్ యూఐ, సెట్టింగ్స్, ఫోన్, హోం స్క్రీన్ నడిపే లాంచర్, ప్లే సర్వీసెస్ లాంటివి ఆపితే ఫోను తెరుచుకోకపోవచ్చు. మాలో ఒకడు ఉత్సాహంలో కీబోర్డునే ఆపేశాడు. తర్వాత మెసేజీ రాద్దామంటే అక్షరాలు లేవు. మళ్లీ కేబులు కలిపి ఎనేబుల్ చేసేదాకా గదంతా నవ్వులే. కాబట్టి ఒక్కొక్కటే ఆపి, ఒక రోజు చూసి, తర్వాత రెండోదానికి వెళ్లండి. ఆపినవాటి పేర్లు నోటు పుస్తకంలో రాసిపెట్టుకోండి. ఇంటర్నెట్ సెంటరు కంప్యూటరులో ఈ పని చేయవద్దు. పని అయ్యాక యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆఫ్ చేయండి. అది ఆన్‌లో ఉంటే కొన్ని బ్యాంకు యాప్‌లు తెరుచుకోవు కూడా.

చవక ఫోను చవకేనా?

ఈ మాట చెబితే కొందరు మిత్రులు, "ఆ యాప్‌ల కంపెనీలు డబ్బులిస్తాయి కాబట్టే ఫోను మనకు తక్కువకు వస్తోంది. లేకపోతే కొనగలమా?" అన్నారు. ఇందులో కొంత నిజముంది. కాదనం. కానీ ఆ తగ్గిన రూపాయలు ఎవరి దగ్గర, ఎలా తిరిగి వసూలవుతున్నాయి? మన డేటా ప్యాకులోంచి, బ్యాటరీలోంచి, చదువుకునే గంటలోంచి. ఖరీదైన ఫోను కొన్నవాడికి ఈ బెడద తక్కువ. చవక ఫోను కొన్నవాడి తెరమీదే ప్రకటనలు ఎక్కువ. పేదవాడు ఒకసారి కొని ప్రతిరోజూ చెల్లిస్తున్నాడు. కొనేటప్పుడు డబ్బామీద ఈ సంగతి రాసి ఉండదు.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. అడగని యాప్ నోటిఫికేషన్ పంపుతుంది. "ఐదు నిమిషాల్లో అప్పు" అంటుంది. అప్పుల యాప్‌ల వేధింపులు తట్టుకోలేక తెలంగాణలో 2020 డిసెంబరులో ప్రాణాలు తీసుకున్నవాళ్ల సంగతి మనమెవరం మరచిపోలేదు. అప్పులిచ్చే యాప్‌లు ఫోనులోని కాంటాక్టులు, ఫోటోలు ముట్టుకోకూడదని రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులో నిబంధనలు తెచ్చింది. మంచిదే. కానీ పరీక్ష ఫీజుకు రేపే ఆఖరు తేదీ, స్కాలర్‌షిప్ ఇంకా పడలేదు అన్న రాత్రి, ఆ నోటిఫికేషన్ మన పిల్లవాడి తెరమీద అసలు వెలగకపోవడం ఇంకా మంచిది.

చట్టం ఎంతవరకు వచ్చింది?

ఇది మన ఒక్కరి గొడవ కాదు. ఆండ్రాయిడ్ ఫోన్లలో గూగుల్ తన ఆధిపత్యాన్ని దుర్వినియోగం చేసిందని కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 2022 అక్టోబరులో 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసింది. ముందే వేసి ఇచ్చే తన యాప్‌లను వినియోగదారుడు తీసేసుకోవడాన్ని గూగుల్ అడ్డుకోకూడదని కూడా చెప్పింది. 2023 మార్చిలో అప్పిలేట్ ట్రైబ్యునల్ జరిమానాను ఖాయం చేసింది గాని, తీసేసుకునే హక్కు గురించిన ఆ ఆదేశాన్ని పక్కన పెట్టింది. యూరప్‌లో మాత్రం డిజిటల్ మార్కెట్స్ చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు ఆ అవకాశం సులభంగా ఇవ్వాలి. 2024 మార్చి నుంచి ఆ బాధ్యత అమల్లో ఉంది. ఫోనులో ముందే వేసే ధోరణి కంపెనీలకే పరిమితం కాదు. సంచార్ సాథీ యాప్ ప్రతి కొత్త ఫోనులో ఉండాలన్న ఆదేశం మన దేశంలో 2025లో వచ్చింది. జనం ప్రశ్నించాక డిసెంబరు మొదటి వారంలోనే వెనక్కి పోయింది. అడిగితే కదులుతుందనడానికి అది సాక్ష్యం.

మా అభిప్రాయం ఇది. యాప్ తీసేసే బటను ప్రతి ఫోనులోనూ ఉండాలి. కేబులు, కంప్యూటరు, ఇంగ్లీషు ఆదేశాలు తెలిసినవాడికే తన ఫోనుపై హక్కు ఉంటే అది హక్కు కాదు, తెలివైనవాడికి దొరికిన దొడ్డిదారి. వాళ్లమ్మకు ఎవరు కేబులు కలుపుతారు? చట్టం రావాలి. వచ్చేదాకా మాత్రం దొడ్డిదారి తెలిసినవాళ్లం తెలియనివాళ్లకు చూపించాలి.

అందుకే ఒక చిన్న కోరిక. మన హాస్టల్లో సీనియర్లు జూనియర్లకు లెక్కలు చెప్పే అలవాటు ఏళ్లుగా ఉంది. దానికే ఇది కూడా కలపండి. నెలకొక ఆదివారం, ఒక కంప్యూటరు, ఒక కేబులు, ఒక నోటు పుస్తకం. కేబులు మేం కొనిస్తాం. చెల్లెళ్ల హాస్టల్లోనూ ఇలాగే మొదలుపెట్టమని అక్కడి పాత విద్యార్థినులను కోరుతున్నాం. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు అమ్మ ఫోను, నాన్న ఫోను, పక్కింటి పెద్దమ్మ ఫోను కూడా చూసి రండి. ఆపే ముందు వాళ్లను అడిగి ఆపండి. వాళ్లకు కావలసినది మనం తీసేస్తే కంపెనీకీ మనకూ తేడా ఉండదు.

ట్రంకు పెట్టె తాళంచెవి పోతే వెతుక్కున్న రోజులు మనకు గుర్తే. ఈ తాళంచెవిని కూడా వెతుక్కుందాం.

– పూర్వ విద్యార్థుల బృందం