కెమెరా కొనేముందు మీ హాల్లో ట్యూబులైటు వంక చూడండి

మొన్న మా టీములో కొత్తగా తండ్రైన కుర్రాడొకడు లంచ్ టైములో పక్కన చేరాడు. "గురూ, మొదటి డీఎస్ఎల్ఆర్ కొందామనుకుంటున్నా. ఇంట్లో ఫోటోలకే. ఏ మోడల్ తీసుకోమంటావ్?" అని. అప్పటికే ఎక్సెల్ షీటు వేసుకున్నాడు. పదకొండు మోడళ్ళు, పద్నాలుగు కాలమ్‌లు. మెగాపిక్సెళ్ళెన్ని, సెకనుకెన్ని ఫోటోలు, ఫోకస్ పాయింట్లెన్ని, వైఫై ఉందా లేదా... సాఫ్టువేరు వాళ్ళం కదా, పెళ్ళిసంబంధం చూసినా కెమెరా చూసినా ముందు షీటు వెయ్యందే నిద్రపట్టదు.

ఆ షీటంతా ఓపిగ్గా చూసి నేనడిగింది ఒక్కటే - "మీ హాల్లో ఎన్ని ట్యూబులైట్లున్నాయి?"

వాడు నా వంక అదోలా చూశాడు. ఎందుకడిగానో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

ఇలాంటి షీటు 2022లో నేనూ వేశాను. మా అక్క కొడుకు అన్నప్రాశన, తెనాలిలో మా ఇంట్లోనే. మేనమామని, చేతిలో బోనస్ డబ్బులున్నాయి, ఇంకేం కావాలి? కెనాన్ 200డీ మార్క్ 2, దాంతోపాటు రెండు లెన్సుల కిట్టు - 18-55 ఒకటి, 55-250 ఒకటి. మొత్తం అరవై వేల పైచిలుకు వదిలింది. ఫంక్షన్‌కి సరిగ్గా నాలుగు రోజుల ముందు చేతికొచ్చింది. ఆ నాలుగు రోజుల్లో నేను నేర్చుకున్నదల్లా ఒక్క ముక్క - ఐఎస్ఓ పెంచితే ఫోటోలో గింజలు కనిపిస్తాయి, కాబట్టి 400 దాటనివ్వకూడదు. ఎక్కడో వీడియోలో విన్నా, వేదవాక్కు అనుకున్నా.

పరమాన్నం తినిపించడం అయ్యాక బుడ్డోడి ముందు పుస్తకం, కలం, బంగారు గొలుసు వగైరా పెట్టి పాకమన్నారు. వాడు అవన్నీ దాటుకుంటూ పోయి, గోడవార కుర్చీ వేసుక్కూర్చున్న మా నాన్నమ్మ కాళ్ళు పట్టుకుని లేచాడు. ఎవరో ఎత్తి ఒళ్ళో కూర్చోబెడితే ఆవిడ కళ్ళజోడు పట్టుకుని లాగేశాడు. నాన్నమ్మ పగలబడి నవ్వింది. మామూలుగా కెమెరా కనిపిస్తే చాలు, ఊపిరి బిగబట్టి, చేతులు రెండూ మోకాళ్ళ మీద పెట్టుకుని, కోర్టులో సాక్ష్యం చెప్పబోతున్నట్టు కూర్చునే మనిషి. అలాంటిది ఆ రోజు నేనున్నానన్న సంగతే మర్చిపోయి నవ్వింది. నేను టకటకా పదమూడు ఫోటోలు తీశాను.

కెమెరా వెనక చిన్న తెర మీద అన్నీ బ్రహ్మాండంగా ఉన్నాయి. రాత్రి లాప్‌టాప్‌లో వేసి చూస్తే పదమూడుకి పదమూడూ అలికేసినట్టున్నాయి. గోడ మీద కేలండర్లో తేదీలు మాత్రం చక్కగా కనిపిస్తున్నాయి, మనుషులే లేరు.

సర్లే, పండక్కొచ్చినప్పుడు మళ్ళీ తీద్దాం అనుకున్నా. 2023 సంక్రాంతికి పదిరోజుల ముందు నాన్నమ్మ పోయింది. పెద్దకర్మ రోజుకి ఫ్రేము కట్టించాలంటే స్పష్టంగా ఉన్న ఫోటోలు రెండే దొరికాయి. ఒకటి ఆధార్ కార్డుది (అందులో ఎవరెలా ఉంటారో మీకు వేరే చెప్పక్కర్లేదు). రెండోది అన్నప్రాశన రోజే మా బాబాయి ఫోన్లో తీసింది. అందులో ఆవిడ ఎవరినో పిలుస్తూ పక్కకి చూస్తోంది. అదే కట్టించాం. అరవై వేల కెమెరా ఉన్నవాడి ఇంట్లో గోడ మీద ఉన్నది ఫోను ఫోటో. ఫోనుని తక్కువ చేసి మాట్లాడట్లేదు. ఆ రోజు దాని పని అది చేసింది, నా పనే నేను చెయ్యలేదు.

చాలా రోజుల తర్వాత ఆ పదమూడు ఫోటోలూ మళ్ళీ తెరిచాను. ప్రతి ఫోటో ఫైల్లోనూ కెమెరా తన సెట్టింగులు రాసిపెడుతుంది. ప్రొడక్షన్‌లో ఏదైనా కూలిపోతే లాగులు ముందేసుక్కూర్చుంటాం చూడండి, అలా చదివాను. అన్నిట్లోనూ ఒకటే కథ - 55ఎంఎం, ఎఫ్ 5.6, ఐఎస్ఓ 400, 1/8 సెకను.

1/8 సెకను అంటే షట్టరు తెరుచుకున్నంతసేపట్లో పిల్లాడి చెయ్యి కళ్ళజోడు దగ్గర్నుంచి నోటిదాకా వెళ్ళిపోగలదు. కదలకుండా కూర్చున్న పెద్దవాళ్ళకి 1/60 అయినా ఉండాలి. పాకే పిల్లలకి 1/125, పరిగెత్తే పిల్లలకి 1/250 దాటాలి. "మరి లెన్సులో స్టెబిలైజర్ ఉందిగా?" అంటారేమో. నేనూ అదే ధీమాతో ఉన్నా. అది ఆపేది మన చేతి వణుకుని మాత్రమే, ఎదుటి మనిషి కదలికని కాదు. అందుకే కేలండరు నిలబడింది, నాన్నమ్మ నిలబడలేదు.

ఇప్పుడు లెక్క చూడండి. లెన్సు మీద రాసి ఉండే ఎఫ్ నంబరు ఎంత చిన్నదైతే లోపలికి అంత ఎక్కువ వెలుతురు వస్తుంది, అది కూడా వర్గాల లెక్కన. 5.6ని 1.8తో భాగించి వర్గం చేస్తే సుమారు 9.7. అంటే ఎఫ్ 1.8 లెన్సు అదే గదిలో దాదాపు పదింతల వెలుతురు లాగుతుంది. 1/8 కాస్తా 1/80కి వచ్చేస్తుంది. ఐఎస్ఓని 400 నుంచి 1600 చేస్తే ఇంకో నాలుగింతలు, 1/300 దాటుతుంది. 1600లో గింజలు రావా అంటే కొద్దిగా వస్తాయి. గింజలున్నా అది నాన్నమ్మ ఫోటోనే. అలికేసిన ఫోటో ఎవరిదీ కాదు.

చిత్రమేంటంటే ఈ తేడా తెచ్చే 50ఎంఎం ఎఫ్ 1.8 లెన్సు కెనాన్‌లోనైనా నైకాన్‌లోనైనా అన్నిటికన్నా చవకైనవాటిలో ఒకటి. నేను కొన్న 55-250 ఉంది చూశారూ, ఇంతవరకూ రెండే రెండుసార్లు బయటికి తీశాను. రెండుసార్లూ కొంగల కోసం.

అలాగని పరిగెత్తుకెళ్ళి 50ఎంఎం కొనెయ్యకండి, ఇంకో మెలిక ఉంది. మామూలు బడ్జెట్ డీఎస్ఎల్ఆర్‌లలో సెన్సరు చిన్నది, ఏపీఎస్-సీ అంటారు. దాని మీద 50ఎంఎం పెడితే నలుగురు పక్కపక్కన కూర్చున్న సోఫా మొత్తం పట్టాలంటే సుమారు పదిహేను అడుగులు వెనక్కి జరగాలి. మన పది బై పన్నెండు గదుల్లో పదిహేనడుగులంటే పక్కింటి వాళ్ళ వంటింట్లోంచి తియ్యాలి! అదే 24ఎంఎం అయితే ఏడడుగులు చాలు. కాబట్టి ఒక మనిషి, ఒళ్ళో పిల్లాడు - వీళ్ళ కోసమైతే 50. గది మొత్తం కావాలంటే కెనాన్‌లో 24ఎంఎం ఎఫ్ 2.8 (బిళ్ళలా ఉంటుంది, జేబులో పడుతుంది. ఎఫ్ 2.8 అయినా 5.6తో పోలిస్తే నాలుగింతల వెలుతురు). నైకాన్‌లో 35ఎంఎం ఎఫ్ 1.8 డీఎక్స్ ఒక్కటి రెండు పనులూ ఇంచుమించు చేసిపెడుతుంది. కిట్టుతో వచ్చిన 18-55ని పారెయ్యకండి, పగటిపూట ఆరుబయట అది బంగారం.

నైకాన్ వాళ్ళకి ఒక హెచ్చరిక. డీ3000, డీ5000 వరస బాడీల్లో ఫోకస్ మోటారు ఉండదు. చవగ్గా దొరికిందని పాత 'ఏఎఫ్-డీ' లెన్సు కొంటే ఫోకస్ చేత్తో తిప్పుకోవాల్సిందే. 'ఏఎఫ్-ఎస్' అని రాసి ఉందో లేదో చూసి కొనండి. కెనాన్ ఈఎఫ్ లెన్సులకి ఈ బాధ లేదు, మోటారు లెన్సులోనే ఉంటుంది.

"ఈ రోజుల్లో డీఎస్ఎల్ఆర్ ఏంటి గురూ, అందరూ మిర్రర్‌లెస్ అంటుంటే?" అని వాడే అడిగాడు. నిజమే. కెనాన్, నైకాన్‌ల నుంచి 2020 తర్వాత కొత్త డీఎస్ఎల్ఆర్ మోడల్ ఒక్కటీ రాలేదు. డబ్బుకి ఇబ్బంది లేకపోతే హాయిగా మిర్రర్‌లెస్ తీసుకోండి. పరిగెత్తే పిల్లాడి కన్ను పట్టుకోవడంలో దానికి సాటి లేదు. కానీ అందరూ అటు వెళ్తున్నారు కాబట్టే మంచి డీఎస్ఎల్ఆర్‌లు సెకండ్‌హ్యాండ్‌లో దొరుకుతున్నాయి. వాడిన బాడీ ఒకటి, పెద్ద కన్నున్న లెన్సు ఒకటి - కొత్తవాడికి ఇంతకంటే చవకైన దారి నాకు కనిపించట్లేదు. రేపు మిర్రర్‌లెస్‌కి మారినా ఈఎఫ్ లెన్సులు అడాప్టరుతో పనిచేస్తాయి. కొనేటప్పుడు మాత్రం లెన్సులోకి ఫోన్ టార్చి కొట్టి చూడండి. సాలెగూడులాంటి తీగలు కనిపిస్తే అది ఫంగస్, దణ్ణం పెట్టి వచ్చెయ్యండి. తెనాలి, కాకినాడ, విశాఖ లాంటి ఉక్కపోత ఊళ్ళలో ఇది మామూలే. కొన్నాక మీరూ లెన్సుని గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలేసి పెట్టుకోండి.

ఇహ వాడి షీటులో మొదటి కాలమ్, మెగాపిక్సెళ్ళు. ఆల్బంలో పెట్టే 6 బై 4 ఫోటోకి అంగుళానికి 300 చుక్కల లెక్కన 1800 బై 1200, అంటే 22 లక్షల పిక్సెళ్ళు కూడా లేవు. గోడకి తగిలించే 12 బై 8కి 86 లక్షలు. చాలా డీఎస్ఎల్ఆర్‌లలో ఉన్నది రెండు కోట్ల నలభై లక్షలు! పదేళ్ళ కిందటి బాడీ అయినా ఎక్కువే. ఆ కాలమ్ నిస్సంకోచంగా డిలీట్ చెయ్యండి.

ఇప్పుడు ట్యూబులైటు సంగతి. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి పాత రకం ట్యూబులైటు సెకనుకి వందసార్లు వెలిగి తగ్గుతుంటుంది. కంటికి తెలీదు గానీ కెమెరాకి తెలుస్తుంది. షట్టరు 1/100 కన్నా బాగా వేగంగా పెడితే వరసగా తీసిన ఫోటోల్లో ఒకటి వెలుగ్గా, ఒకటి పచ్చగా, ఒకటి సగం చీకటిగా వస్తాయి. కొన్ని చవక ఎల్‌ఈడీ దీపాలతోనూ ఇదే గొడవ. అందుకని రాత్రిళ్ళు ఇంట్లో 1/100 దగ్గర ఆగడం క్షేమం. పగలైతే లైటార్పేసి, మనిషిని కిటికీ పక్క కూర్చోబెట్టండి, గొడవే ఉండదు. కెమెరా నెత్తిమీద లేచే ఫ్లాష్ వాడితే మొహాలు సున్నం కొట్టినట్టుంటాయి. ఫ్లాష్ తప్పదనుకుంటే తల తిరిగేది విడిగా కొని తెల్లటి సీలింగు మీదికి కొట్టండి.

ఎఫ్ 1.8లో ఇంకో చిక్కుంది. దగ్గర్నుంచి తీస్తే ఒక కన్ను స్పష్టంగా ఉండి రెండోది మసకబారుతుంది. కెమెరాని ఒకే ఫోకస్ పాయింటుకి మార్చుకుని దాన్ని కంటి మీద పెట్టండి. పదిమంది గ్రూపుకైతే ఎఫ్ 5.6 కావాలి, అందుకు వెలుతురు చాలదు కాబట్టి అందరినీ వరండాలోకి లాక్కురండి.

ఇవన్నీ చదివితే రావు. ఫంక్షన్‌కి నాలుగు రోజుల ముందు కాదు, రెండు నెలల ముందు కొనండి. రోజూ రాత్రి భోజనాలప్పుడు పది ఫోటోలు తియ్యండి. మొదటి వారం ఇంట్లోవాళ్ళు తిడతారు. రెండో వారం విసుక్కుంటారు. మూడో వారానికి మీ చేతిలో కెమెరా ఉన్న సంగతి మర్చిపోతారు. నాన్నమ్మ విషయంలో నేను పోగొట్టుకున్నది ఆ మూడో వారమే. ఏ మోడలైనా దాన్ని డబ్బాలో పెట్టి ఇవ్వదు.

ఇంకొక్క మాట. నా చిన్నప్పటి ఆల్బంలో మా నాన్న దాదాపు లేరు. ఇంట్లో ఉన్న కోడక్ కేబీ10 ఆయన చేతిలోనే ఉండేది మరి. 36 ఫోటోల రీలు జాగ్రత్తగా వాడాలని ఇంకొకరికి ఇచ్చేవారు కాదు. మనకి రీలు ఖర్చు లేదు కదా, అప్పుడప్పుడూ కెమెరా ఇంకొకరి చేతిలో పెట్టండి. ఫోటోలు రెండు చోట్ల దాచండి, ఏడాదికో ముప్పై ప్రింట్లు వేయించండి.

మా వాడు షీటు మూసేసి, "అయితే ఏది కొనమంటావ్?" అని మళ్ళీ అక్కడికే వచ్చాడు. ఊళ్ళో వాళ్ళమ్మగారు ఉన్నారు, డెబ్భై దాటాయి. వచ్చే నెల మనవణ్ణి చూడ్డానికి వస్తున్నారట. ఎక్కువ ఆలోచించకుండా నా 50ఎంఎం లెన్సు, నా బాడీ ఇచ్చి పంపించాను. వాళ్ళ హాల్లో ఒకటే ట్యూబులైటట.