గీత గీయు హక్కు ఎవరిది?

ఓటు విలువను గూర్చి మనవారు సభలలో చాల మాటలాడుదురు. ఓటు నమ్ముకొనరాదనియు, కులమును జూచి వేయరాదనియు బోధింతురు. ఆ బోధలన్నియు మంచివే. కాని ఓటు పెట్టెను సమీపించుటకు ముందే, ఏ గ్రామము ఏ గ్రామముతో గలిసి ఓటు వేయవలెనో నిర్ణయించు గీత యొకటి కలదు. దానిని గూర్చి మన యిండ్లలో ఎవ్వరును మాటలాడరు. అది గుమాస్తాల పనియని తలంచి యూరకుందురు. ఈ యుపేక్ష యెంత హానికరమో తెలిసికొనుటకు దూరము పోనక్కరలేదు, హుస్నాబాదు చాలును.

పూర్వము ఈ ప్రాంతమునకు ఇందుర్తి నియోజకవర్గమని పేరు. ఇందుర్తి చిగురుమామిడి మండలములోని గ్రామము. ఆ స్థానమునుండి కమ్యూనిస్టు పక్షమునకు జెందిన దేశిని చినమల్లయ్యగారు 1978, 1985, 1989, 1994 సంవత్సరములలో నాలుగు పర్యాయములు శాసనసభకు ఎన్నికైరి. 1999లో కాంగ్రెసు పక్షమున బొమ్మ వెంకటేశ్వర్లుగారును, 2004లో మరల కమ్యూనిస్టు పక్షమున చాడ వెంకటరెడ్డిగారును గెలిచిరి. 2008 నాటి పునర్విభజనతో ఇందుర్తి పేరు తొలగి హుస్నాబాదు పేరు వచ్చినది. హుస్నాబాదు, కోహెడ, చిగురుమామిడి, సైదాపూరు, భీమదేవరపల్లి, ఎల్కతుర్తి యను ఆరు మండలము లందు చేరినవి. ఆరును నాటి కరీంనగరు జిల్లాలోనివే. 2009లో కాంగ్రెసువారగు అలిగిరెడ్డి ప్రవీణ్ రెడ్డిగారును, 2014లోను 2018లోను తెలంగాణ రాష్ట్ర సమితివారగు వొడితెల సతీశ్ కుమార్‌గారును, 2023లో కాంగ్రెసువారగు పొన్నం ప్రభాకర్‌గారును ఇచ్చట గెలుపొందిరి.

ఈ నడుమ 2016 అక్టోబరు 11వ తేదీన తెలంగాణమునందలి 10 జిల్లాలు 31 జిల్లాలైనవి. నియోజకవర్గపు గీతను ఎవ్వరును ముట్టలేదు. జిల్లా గీతలు మాత్రము దానిని నరికికొనుచు పోయినవి. హుస్నాబాదు, కోహెడ మండలములును, క్రొత్తగా ఏర్పడిన అక్కన్నపేట మండలమును సిద్దిపేట జిల్లాలో చేరినవి. చిగురుమామిడి, సైదాపూరు మండలములు కరీంనగరులో నిలిచినవి. భీమదేవరపల్లి, ఎల్కతుర్తి మండలములు వరంగల్ పట్టణ జిల్లాకు పోయినవి. 2021లో ఆ జిల్లాకు హనుమకొండ యని పేరు పెట్టిరి. పార్లమెంటు స్థానము మాత్రము యథాపూర్వము కరీంనగరే. అనగా 2023లో ఒక్క శాసనసభ్యునికై మూడు జిల్లాల ప్రజలు ఓటు వేసిరి.

2002 నాటి పునర్విభజన చట్టము ఏమి చెప్పుచున్నది? నియోజకవర్గము సాధ్యమైనంతవరకు ఒక్క ముద్దగా నుండవలెననియు, పరిపాలనా విభాగముల సరిహద్దులను, రాకపోకల సౌకర్యమును, ప్రజల వీలును గమనింపవలెననియు చెప్పుచున్నది. 2008లో ఒక చేత కట్టిన మూటను 2016లో మరియొక చేత విప్పిరి. మూట మాత్రము పూర్వపు పేరుతోనే పిలువబడుచు వచ్చినది!

దీనికి ప్రతివాదులు రెండు మాటలు చెప్పుదురు. చిన్న జిల్లాల వలన కచేరి ప్రజల ముంగిటికి వచ్చినదనునది మొదటి మాట. ఎల్కతుర్తి రైతునకు హనుమకొండ దగ్గర యనుట నిజమే. దానిని కాదనువారు లేరు. కాని ఎల్కతుర్తికి హనుమకొండయే సహజకేంద్రమైనచో, దాని ప్రాతినిధ్యమును ఆ వైపుననే యుండవలెను గదా! జిల్లాకు ఒక న్యాయము, నియోజకవర్గమునకు వేరొక న్యాయమా? శాసనసభ్యుడు ముగ్గురు కలెక్టరులతోను మాటలాడగలడు, నష్టమేమి యనునది రెండవ మాట. సభ్యుడు మాటలాడగలడు, సామాన్యుని సంగతి యేమి? గౌరవెల్లి జలాశయమును చూడుడు. కట్ట సిద్దిపేట జిల్లాలో నున్నది. ఆ నీటికై కాచుకొన్న పొలములు చుట్టునున్న జిల్లాలలో గూడ నున్నవి. భూసేకరణ ఒక కచేరిలో, కాలువ మరియొక కచేరిలో, ఫిర్యాదు వేరొక కచేరిలో! బాధ్యత పలువురిదైనచోట అడుగువాడు తిరిగి తిరిగి అలసిపోవును. బదులు చెప్పువాడు దొరకడు. ప్రాతినిధ్యమనగా అయిదేండ్ల కొకసారి పేరు వ్రాసికొనుట గాదు. ఎవరిని అడుగవలెనో ప్రజలకు తెలిసియుండుట.

ఇతర దేశములలో ఈ పని యెట్లు జరుగుచున్నది? మెక్సికో దేశమున 1977 సంస్కరణ మొదలుకొని 300 నియోజకవర్గములు స్థిరముగా నున్నవి. వాని సరిహద్దులను మాత్రము జనసంఖ్య ననుసరించి 1996, 2005, 2017 సంవత్సరములలో మరల మరల సవరించిరి. ఇటీవలి సవరణలకు ముందు అచ్చటి ఎన్నికల సంస్థ ఆదివాసి సమాజములను గూడ సంప్రదించినది. అక్కడి రాజకీయములు మచ్చలేనివని చెప్పుట గాదు. గీత గీయుటకు ముందు దానిలోపల నివసించువారిని అడుగుట సాధ్యమే యని మాత్రము ఇందువలన తెలియుచున్నది. అక్కన్నపేట తండాలోని లంబాడీ స్త్రీని ఎవరైనను అడిగిరా?

స్త్రీల మాట వచ్చినది గనుక ఇంకొక సంగతి. 2009 మొదలు 2023 వరకు జరిగిన నాలుగు సాధారణ ఎన్నికలలో హుస్నాబాదున గెలిచినవారు ముగ్గురు, ముగ్గురును పురుషులే. చట్టసభలలో మూడవ వంతు స్థానములు స్త్రీలకు కేటాయించుచు 2023లో చేసిన 106వ రాజ్యాంగ సవరణ, ఆ హక్కును జనగణనకును, దాని పిమ్మట జరుగు పునర్విభజనకును ముడివేసినది. కాబట్టి గీతల సంగతి మాకెందుకని గృహిణులు గూడ అనరాదు. తమ హక్కు నిలిచియున్న వాకిలి ఆ గీతయే.

1976లో 42వ సవరణ సభాస్థానముల సంఖ్యను కదలకుండ నిలిపివేసినది. 2002లో అమలునకు వచ్చిన 84వ సవరణ ఆ గడువును 2026 తరువాతి మొదటి జనగణన వరకు పొడిగించినది. 2014 నాటి విభజన చట్టము తెలంగాణ శాసనసభకు 119కి బదులు 153 స్థానములను చెప్పినను, ఆ మాట ఏండ్ల తరబడి కాగితమునందే నిలిచినది. స్థానములు పెరిగినను పెరుగకున్నను, గీతలు మరల గీయబడక తప్పదు.

అప్పుడు మనము చేయదగినదేమి? చట్టము ప్రకారము తొలుత చిత్తుప్రతిపాదనలు ప్రకటింపబడును, అభ్యంతరములు స్వీకరింపబడును, బహిరంగ సభలలో ప్రజల మాట వినబడును. తుది ఉత్తరువు వెలువడిన పిదప దానిని కదలించుట దుస్తరము. కావున ఇప్పటినుండియే ప్రతి గ్రామమునందును గ్రంథాలయములవారు, మహిళాసంఘములవారు, ఉపాధ్యాయులు కూడి, తమ యూరివారు ఏ సంతకు పోవుదురో, ఏ ఆసుపత్రికి పోవుదురో, తమ చెరువునకు నీరు ఏ కాలువ వెంట వచ్చునో వ్రాసియుంచవలెను. ఒకటి జిల్లా గీతయైనను నియోజకవర్గమును కలుపుకొనవలెను. లేదా నియోజకవర్గమైనను జిల్లాను అనుసరింపవలెను. రెండును వేరు వేరు దారులు పట్టుట తగదని నిర్భయముగా అడుగవలెను.

అభ్యర్థి నచ్చనిచో అయిదేండ్లకు మార్చుకొనవచ్చును. గీత తప్పైనచో ఒక తరమంతయు దానిలోపల బ్రతుకవలసి వచ్చును. అభ్యర్థిని గూర్చి పగలంతయు వాదించి, గీతను గూర్చి ఒక్క మాటయు అనని ప్రజ, తన యిల్లు ఎచ్చట కట్టవలెనో పొరుగువానికి విడిచి, ద్వారమునకు వేయు రంగును గూర్చి తగవులాడు గృహస్థు వంటిది.