రెండో కోతకు ముందు రెండు సీసాలు

గురజాల పక్క పల్లెలో ఏఎన్‌ఎంని. మిరప కోతల రోజుల్లో ఒక సాయంత్రం ఇద్దరు పిల్లల తల్లి మా సబ్‌సెంటర్ గుమ్మంలో ఆగి, "మగాళ్లెవరూ లేరుగా అక్కా?" అంది. జాకెట్‌లో పాతచీర గుడ్డ నాలుగు మడతలు పెట్టుకుంది. అది పుండుకు అంటుకుపోయింది. సెలైన్‌తో తడిపి తీయడానికి పది నిమిషాలు పట్టింది. అప్పటికి రెండుసార్లు కోసి చీము తీశారట. రెండుసార్లూ మానినట్టే మాని మళ్లీ కారింది. ఇంట్లోవాళ్లు పాలగడ్డేనన్నారు. చిన్నవాడు పాలు మాని రెండేళ్లయింది!

పాలు లేని రొమ్ములో పాలగడ్డ ఎక్కడిది? తీసిన చీమును ఒక్కసారీ పరీక్షకు పంపలేదు. మూడోసారి నేనే వెంట వెళ్లి గడ్డలోంచి ముక్క తీసి పరీక్షకు పంపించమని అడిగాను. క్షయ అని తేలింది.

బాలింతల గడ్డలు ఎక్కువగా స్టెఫైలోకాకస్ ఆరియస్ వల్ల వస్తాయి. మామూలు యాంటీబయాటిక్‌కు లొంగుతాయి, చీము పడితే తీస్తారు. బిడ్డకు పాలు మాన్పించనక్కర్లేదు. లొంగని గడ్డ సంగతి వేరు. రొమ్ము క్షయ గురించి ఆస్ట్‌లీ కూపర్ 1829లోనే రాశాడు. అరుదుగా టైఫాయిడ్ క్రిమీ గడ్డ లేపుతుంది. 1998లో పేరు పెట్టిన కొరినేబాక్టీరియం క్రోపెన్‌స్టెట్టీ అనే క్రిమి మరీ చిక్కుది. కొవ్వు దొరికితేనే బాగా పెరుగుతుంది, కల్చర్‌లో ఆలస్యంగా కనబడుతుంది, కనబడినా చర్మం మీది క్రిమేలే అని వదిలేస్తారు. ముక్కను మైక్రోస్కోపు కింద చూస్తే క్షయలాగే అనిపించవచ్చు. పెన్సిలిన్ జాతి మందులు దానిమీద సరిగా పారవు, డాక్సీసైక్లిన్ లాంటివి వారాల తరబడి వాడాల్సి వస్తుంది. కాబట్టి గుడ్డిగా టీబీ మాత్రలు మొదలెట్టడమూ తప్పే.

నేను అడిగేది ఒక్కటే. రెండో కోతకు ముందు బల్లమీద రెండు సీసాలుండాలి. ఫార్మలిన్ సీసా బయాప్సీకి. క్యాన్సరున్నా అందులోనే బయటపడుతుంది. ఉత్త సెలైన్ సీసా కల్చర్‌కూ, ట్రూనాట్ అనే క్షయ పరీక్షకూ. ముక్కంతా ఫార్మలిన్‌లో వేస్తే క్రిమి చచ్చిపోతుంది, ఇక కల్చర్‌లో ఏం పెరుగుతుంది? మాచర్ల నుంచి నరసరావుపేటకు కూలి పోగొట్టుకుని బస్సెక్కి వచ్చినామెను ఇంకో ముక్క కోసం మళ్లీ రమ్మంటే రాదు.

క్షయకు ప్రభుత్వ మందు ఉచితం. రెండు నెలలు నాలుగు రకాలు, తర్వాత నాలుగు నెలలు మూడు రకాలు. తిండికి నెలకు 1000 రూపాయలు ఖాతాలో వేస్తారు. ఆ ఇద్దరు పిల్లల తల్లి మందు మొదలెట్టిన మొదటి వారమే పరుగున వచ్చింది: "మూత్రం ఎర్రగా వస్తోందక్కా." రిఫాంపిసిన్ అనే మందు రంగేనమ్మా, భయం లేదన్నాను. టీబీ అని అత్తకు చెప్పొద్దని చేతులు పట్టుకుంది. చెప్పలేదు. నాలుగో నెలలో గుడ్డ పెట్టుకోవడం మానేసింది.