లాన్సెల్‌ను ఎవరూ ఎందుకు నడిపించలేదు?

‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ టీవీ సిరీస్ 2019లోనే ముగిసింది. అయినా అందులోని రాణి సెర్సీ లానిస్టర్ పేరెత్తితే ఇప్పటికీ మొదట వినిపించేది ఆమె ఎవరెవరితో పడుకుందన్న లెక్కే. ఆమె చేయించిన హత్యలు ఆ తర్వాతి మాట. పాత్రల శీలాన్ని విచారించకూడదని నేననను. ఒకే తప్పు చేసిన ఇద్దరిలో ఒకరినే విచారించడం చూస్తే మాత్రం ఒళ్లు మండుతుంది.

2015 జూన్‌లో వచ్చిన అయిదో సీజన్ చివరి భాగాన్నే తీసుకోండి. జుట్టు కత్తిరించి, బట్టలు విప్పించి, బేలర్ మహామందిరం నుంచి కోట దాకా సెర్సీని నడిపించారు. వెనకాలే గంట కొడుతూ ఒక సన్యాసిని. దారి పొడవునా ఉమ్ములు, బూతులు. చేసుకున్న పాపం అనుభవిస్తోందని చాలామంది తృప్తిపడ్డారు. ఇంతకీ ఏ పాపం? ఆ నడకకు ముందు ఆమె ఒప్పుకున్నది ఒక్కటే: లాన్సెల్‌తో సంబంధం. కవల సోదరుడు జేమీతో సంబంధాన్ని ఆమె ఒప్పుకోనే లేదు; దానిపై విచారణ ఇంకా మిగిలే ఉంది.

లాన్సెల్ ఆమె బాబాయి కొడుకు. మన లెక్కలో తమ్ముడి వరస. సెర్సీ భర్త రాబర్ట్ రాజు చావుకు దారితీసిన వేటలో మద్యం అందించిందీ అతనే. అతనికేం శిక్ష పడింది? మతపెద్ద హై స్పారో ముందు తప్పు చెప్పుకుని, నుదుట ఏడు కోణాల నక్షత్రం చెక్కించుకుని, మతసైన్యంలో చేరిపోయాడు. పాపం ఒక్కటే, మతపెద్ద ఒక్కడే. ఆమెను వీధిలోకి ఈడ్చారు, అతని చేతికి ఆయుధమిచ్చారు. ఈ సిరీస్ మీద నైతిక తీర్పులిచ్చే వాళ్లలో లాన్సెల్ ఊసెత్తిన వాళ్లు నాకు కనపడలేదు.

అది ఆ లోకపు ధర్మం, కల్పన అంటారు. కానీ ఆ నడకకు మూలం చరిత్రలోని జేన్ షోర్ కథ అని నవలాకారుడు మార్టినే చెప్పాడు. ఆమె ఇంగ్లండ్ రాజు నాలుగో ఎడ్వర్డ్ ప్రియురాలు. 1483లో రాజు పోయాక, అధికారం అతని తమ్ముడు రిచర్డ్ చేతికి రాగానే, ఆమెను లోగౌనుతో, చేతిలో కొవ్వొత్తితో లండన్ వీధుల్లో నడిపించారు. రాజును మాత్రం విండ్సర్‌లో రాజలాంఛనాలతో సమాధి చేశారు. లాన్సెల్‌లు చరిత్రలోనూ ఉన్నారు.

మతసైన్యానికి ఆయుధాలిచ్చింది సెర్సీయే, నిజమే. కోడలు మార్జరీని దెబ్బతీయాలని ఆ పని చేసింది. ముందుగా బలైంది మార్జరీ అన్న లోరాస్. మగవాళ్లను ప్రేమించడమే అతని నేరం. శీలం పేరుతో సాగేది అధికార రాజకీయమని సిరీస్ ఇంత విడమరిచి చూపాక కూడా, మనం హై స్పారో గంటే అందుకుని కొడుతున్నాం.

జేమీ విషయం చూడండి. అక్కతో సంబంధంలో అతనిది సరిసగం వాటా. ఆ రహస్యం కోసం పసివాడు బ్రాన్‌ను కిటికీలోంచి తోసిందీ అతనే. అతనిది ‘పరివర్తన’ అట, ఆమెది ‘బరితెగింపు’ అట! సెర్సీ హంతకురాలు. మహామందిరాన్ని పేల్చి అందులో ఉన్నవాళ్లందర్నీ చంపింది. దానికి ఆమెను ఎంత తిట్టినా నాకు అభ్యంతరం లేదు. ఆ నేరం కంటే ముందు ఆమె పడకగది గుర్తొస్తోందంటే లోపం చూసేవాళ్లలో ఉంది.

లైంగిక నీతి గురించి నిజంగా మాట్లాడాలంటే 2014లో వచ్చిన నాలుగో సీజన్ మూడో భాగం ఉంది. కొడుకు శవం పక్కన సెర్సీ వద్దు వద్దంటున్నా జేమీ ఆగడు. అది చివరికి ఆమె సమ్మతిగా మారిందని దర్శకుడు అలెక్స్ గ్రేవ్స్ సమర్థించుకున్నాడు. తెర మీద ఆ సమ్మతి ఎక్కడా లేదు. తర్వాతి భాగాల్లో దాని ప్రస్తావనా లేదు. అభిమానులు జేమీని అదే అభిమానంతో చూస్తూ పోయారు. ఇష్టంతో జరిగిన కలయికలన్నీ లెక్కపెట్టి, ఆమె వద్దన్న ఆ ఒక్కదాన్ని వదిలేసిన వాళ్లకు సెర్సీ శీలం గురించి తీర్పు చెప్పే అర్హత లేదు.